నీరు మారినప్పుడు

ఇంటిలో చేపల తొట్టి పెట్టుకొన్న వారు తమ చేపలను గూర్చి ఎన్నో సంగతులు చెప్పగలరు. ఏ చేప ఏమి తింటుందో, ఏది దేనిని తరుముతుందో, ఏది ఎప్పుడు పిల్లలు పెట్టిందో వరుసగా చెబుతారు. అయితే నీటిని గూర్చి అడిగితే చాలామంది "తేటగానే ఉన్నదండీ" అని ఊరుకొంటారు. తేటగా ఉండుట మంచిదే గాని అది మాత్రమే చాలదు. వినెగరు కలిపిన నీరు తేటగానే ఉంటుంది. సున్నపు తేట పేరులోనే తేట ఉన్నది. ఆ రెండింటిలోను ఏ చేపయు బ్రదుకదు. కంటికి ఒకే తీరుగా కనబడే నీళ్ళ మధ్య కూడ చేపకు ప్రాణాపాయమైన భేదము ఉండవచ్చును. ఆ భేదములలో ముఖ్యమైనది నీటి ఆమ్ల, క్షార గుణము.

ఈ గుణమును కొలిచే లెక్కను పి.హెచ్. అంటారు. డెన్మార్కు దేశపు రసాయన శాస్త్రవేత్త సోరెన్‌సెన్ 1909వ సంవత్సరములో, కోపెన్‌హేగెన్ నగరములోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పని చేస్తూ ఈ లెక్కను ప్రవేశపెట్టారు. 7 అనగా మధ్యస్థము. 7 కంటె తక్కువైతే ఆమ్లము, ఎక్కువైతే క్షారము. మన వంటింట చింతపండు, నిమ్మకాయ, పెరుగు ఒక వైపునవి. సున్నము, సబ్బు, వంటసోడా రెండవ వైపునవి. ఇందులో గమనించవలసినది ఒకటున్నది. 7 నుండి 8కి వెళ్ళుట ఒక మెట్టే గదా అనుకొనరాదు. ఒక్కొక్క మెట్టుకు పది రెట్లు భేదము. 6 నుండి 8కి వెళితే నూరు రెట్లు మారినట్లు. అందుచేత నెంబరులో చిన్నదిగా కనబడే మార్పు చేప ఒంటికి చాల పెద్ద మార్పు.

దీనిని కొలుచుట కష్టము కాదు. పసుపు నీళ్ళలో సున్నము కలిపితే ఎర్రబడి పారాణి అవుతుందని మన ఇండ్లలో అందరికి తెలిసినదే. క్షారము తగలగానే పసుపు రంగు మారుతున్నది. అక్వేరియం దుకాణములలో అమ్మే పరీక్ష మందు పని చేసేదియు ఈ విధముగానే. గాజు గొట్టములో కొంత నీరు పోసి, అందులో కొన్ని చుక్కలు వేస్తే, ఆమ్లమైతే పసుపు పచ్చగా, మధ్యస్థమైతే ఆకుపచ్చగా, క్షారమైతే నీలముగా మారుతుంది. అయితే ఈ మందు సుమారు 6 నుండి 7.6 వరకే చూపగలదు. అంతకు మించిన నీటికి వేరొక సీసా కావాలి. మన ప్రాంతములలో బోరు నీరు తరచుగా 7.6 దాటుతుంది గనుక రెండు సీసాలు ఉండుట మంచిది.

ఇంతవరకు చెప్పినది విని, "అయితే మా తొట్టిలో నీటిని 7కి తెచ్చి అక్కడ నిలబెడతాము" అనుకొనేవారు ఉంటారు. పి.హెచ్. తగ్గించే మందులు, పెంచే మందులు అమ్మకమునకు ఉన్నవి గూడ. మేము ఈ వ్యాసము వ్రాయుటకు కారణము అదే. చేపకు కావలసినది 7 అనే నెంబరు కాదు, నిలకడ. 7.6లో పుట్టి పెరిగిన చేప 7.6లో సుఖముగా ఉంటుంది. దానిని ఒక్క పూటలో 6.8కి దించితే, పుస్తకములో ఎంత మంచి నెంబరైనా దానికి అది దెబ్బయే.

ఈ సంగతి మాకు బాగా అర్థమైనది 2018 మే నెలలో. మా పనిలో బదిలీలు తప్పవు. ఆ సంవత్సరము రాజమండ్రి నుండి పిడుగురాళ్ళ దాపునకు, అనగా నేటి పల్నాడు జిల్లాకు వెళ్ళవలెనని మాకు కబురు వచ్చింది. సామాను సర్దుట మాకు అలవాటే. కాని ఈ సారి సామానులో మూడడుగుల గాజు తొట్టి ఒకటి, అందులో ఇరవై నాలుగు చేపలు ఉన్నవి. అవి మా అమ్మాయివి. అప్పటికి ఆమె నాలుగవ తరగతి ముగించినది. రెండు ఏంజెల్ చేపలు, నాలుగు మోలీలు, ఎనిమిది గప్పీలు, పది నియాన్ టెట్రాలు. బదిలీ మాట విన్న దినమున ఆమె మమ్మును బడిని గూర్చి అడుగలేదు, స్నేహితురాండ్రను గూర్చి అడుగలేదు. "చేపలు వస్తాయా?" అని మాత్రము అడిగింది. ఆ తరువాత రెండు దినములు సరిగా మాటలాడలేదు.

"వస్తాయమ్మా" అని చెప్పుట తేలిక. వచ్చి బ్రదకాలి గదా. అందుచేత ముందుగా ఆ ఊరి నీరు తెప్పించి చూడాలనుకొన్నాము. అటు నుండి వచ్చే ఒక స్నేహితుని చేత, మేము ఉండబోయే ఇంటి బోరు నీటిని సీసా అంచు దాక నింపి, గట్టిగా మూత బిగించి తెప్పించాము. మూత తీయగానే కొలిస్తే 7.2 చూపినది. మా రాజమండ్రి తొట్టి నీరు 7.6. ఇంకను నయమే అని సంతోషించవలసినదే. కాని అదే నీటిని వెడల్పాటి గిన్నెలో పోసి రాత్రంతా ఉంచి, తెల్లవారి మరల కొలిస్తే 8.2 ఉన్నది!

దీనికి కారణమున్నది. భూమి లోపలి నీటిలో బొగ్గుపులుసు వాయువు కరిగి ఉంటుంది. సోడా సీసాలో ఉన్నట్లే. ఆ వాయువు నీటిని కొంత ఆమ్లముగా చేస్తుంది. నీరు బయటికి వచ్చి గాలి తగిలితే వాయువు వెళ్ళిపోతుంది, పి.హెచ్. పైకి లేస్తుంది. అందుచేత బోరు నుండి అప్పుడే తోడిన నీటి నెంబరును నమ్మరాదు. ఒక దినము నిలువ ఉంచిన తరువాత వచ్చే నెంబరే దాని నిజమైన నెంబరు. మునిసిపాలిటీ కుళాయి నీరైనను ఒక దినము ఉంచుట మేలు. అందులోని క్లోరిన్ ఆ లోపల చాల మట్టుకు పోతుంది.

నెంబరు వెనుక ఇంకొక సంగతి ఉన్నది. నీటిలో కరిగి ఉన్న బైకార్బొనేట్లు ఆమ్లమును ఎదుర్కొని పి.హెచ్.ను కదలకుండ పట్టుకొంటాయి. దీనిని క్షారత అంటారు. గృహస్థులకు అర్థమయ్యే మాటలో చెప్పాలంటే, క్షారత అనగా ఇంటిలో దాచుకొన్న సొమ్ము వంటిది. అనుకోని ఖర్చు వస్తే దాచినదానిలో నుండి తీసి పెడతాము, పిల్లల అన్నము పళ్ళెములో తేడా కనబడదు. ఎంత ఖర్చవుతున్నదో బయటివారికి తెలియదు. దాచినది అయిపోయిన దినమున మాత్రము ఇల్లు ఒక్కసారి కుదేలవుతుంది. తొట్టిలోను అంతే. చేపల మలము, మిగిలిన మేత కుళ్ళి అమ్మోనియా అవుతుంది. మేలు చేసే సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా, తరువాత నైట్రేటుగా మారుస్తాయి. ఆ పనిలో ఆమ్లము పుడుతుంది. ఆ ఆమ్లము దినదినము క్షారతను కొంచెము కొంచెముగా తినివేస్తుంది. క్షారత ఉన్నంత వరకు పి.హెచ్. కదలదు. అది అయిపోగానే పి.హెచ్. జారిపోతుంది.

క్షారతను కొలిచే మందు కూడ దొరుకుతుంది. ఎన్ని చుక్కలకు రంగు మారితే అన్ని డిగ్రీలని లెక్క. ఒక డిగ్రీ అనగా లీటరుకు సుమారు 18 మిల్లీగ్రాములు. మా రాజమండ్రి నీరు ఆరవ చుక్కకు రంగు మారినది. పల్నాడు బోరు నీరు పదునెనిమిదవ చుక్క దాక మారలేదు! మాకు ఆశ్చర్యము కలుగలేదు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు పేరుపొందిన ఊరు. ఆ నేల నిండా సున్నపురాయియే. సున్నపురాతి గుండా వచ్చే నీరు మరి ఏ తీరున ఉంటుంది?

ఇప్పుడు చేపలను ఒక్కొక్కటిగా ఆలోచించాము. మోలీలు, గప్పీలు కఠిన జలమును ఇష్టపడేవే గనుక వాటికి దిగులు లేదు. ఏంజెల్ చేపలు పుట్టుకకు అమెజాన్ నదీ ప్రాంతపువైనను, ఎన్నో తరములుగా పెంపకపు తొట్లలో పెరుగుచున్నందున నెమ్మదిగా అలవాటు చేస్తే ఓర్చుకొంటాయి. మన దుకాణములకు వచ్చే రంగు చేపలలో అనేకము చెన్నై నగరములోని కొళత్తూరు వంటి చోట్ల పెంపకములో పుట్టినవే. వాటి తాతలు ఏ నదిలో ఉన్నారన్నదానికంటె అవి ఏ నీటిలో పెరిగినవో ముఖ్యము. అయితే నియాన్ టెట్రాలు మెత్తని, కొద్దిగా ఆమ్లమైన నీటి చేపలు. రాజమండ్రి నీరే వాటికి అంచు. పదునెనిమిది డిగ్రీల నీటిలో అవి కొన్నాళ్ళు ఉండవచ్చును గాని, సుఖముగా ఉండవు.

కొందరు స్నేహితులు ఒక ఉపాయము చెప్పారు. "ఆర్.ఓ. ప్లాంటు నీరు క్యానులలో దొరుకుతుంది గదా, ఎల్లప్పుడు దానిని కలిపి పోయండి." లెక్క ప్రకారము అది సరియే. ఒక వంతు బోరు నీరు, రెండు వంతులు ఆర్.ఓ. నీరు కలిపితే పదునెనిమిది డిగ్రీలు ఆరుకు దిగుతుంది. కాని మేము వెళ్ళేది త్రాగే నీటిని క్యాను లెక్కన కొనుక్కొనే ఊరు. వేసవిలో ఆ క్యాను కొరకు వరుసలో నిలుచుండేవారి కంటి ఎదుట, వారము వారము రెండేసి క్యానులు చేపల తొట్టిలో పోయుటకు మా మనస్సు ఒప్పలేదు. ఆ మాట ఇంటిలో అందరము కూర్చుండి చెప్పుకొన్నాము. నియాన్ టెట్రాలను రాజమండ్రిలోనే, మా అమ్మాయి స్నేహితురాలి ఇంటి తొట్టిలో ఉంచాలని నిర్ణయమైనది.

ఆ రాత్రి మా అమ్మాయి పడుకొనక, తొట్టి దగ్గర నిలువబడి అడిగింది. "నాన్నా, నేను గప్పీనా, నియాన్ టెట్రానా?"

మాకు వెంటనే జవాబు తోచలేదు. పిల్లలు తమ దిగులును తిన్నగా చెప్పరు. చేపల పేరు పెట్టి చెబుతారు. కొంత సేపటికి వాళ్ళమ్మ దగ్గరకు తీసికొని, "తల్లీ, మనము పాత నీళ్ళు రెండు డబ్బాలు వెంట తీసికొని వెళుతున్నాము గదా. ఎందుకు? కొత్త నీళ్ళు ఒక్కసారే తగలకుండా. నీకు ఆ పాత నీళ్ళు మేమే. మేము నీతోనే వస్తున్నాము గదా" అన్నది. అమ్మాయి ఏమియు అనలేదు గాని, వెళ్ళి పడుకొన్నది.

ప్రయాణమునకు ముందు దినము చేపలకు మేత పెట్టలేదు. కడుపు ఖాళీగా ఉంటే సంచిలోని నీరు తక్కువగా పాడవుతుంది. చేపల దుకాణము వారి చేత ప్లాస్టిక్ సంచులలో మూడింట ఒక వంతు నీరు, మిగిలినది ప్రాణవాయువు నింపించి, థర్మోకోల్ పెట్టెలో పెట్టి, ఎండ లేకుండ రాత్రి పూట ప్రయాణము చేసాము. ఫిల్టరులోని స్పాంజిని కడుగకుండ, పాత నీటిలోనే తడిగా తీసికొని వెళ్ళాము. మేలు చేసే సూక్ష్మజీవులు ఉండేది అందులోనే. నలుబది లీటర్ల పాత నీరు రెండు డబ్బాలలో మాతో వచ్చినది.

సంచులను గూర్చి ఒక మాట. మూత కట్టిన సంచిలో చేప విడిచిన బొగ్గుపులుసు వాయువు చేరి పి.హెచ్. తగ్గుతుంది. అమ్మోనియా కూడ చేరుతుంది గాని, పి.హెచ్. తక్కువగా ఉన్నందున అది అంతగా హాని చేయదు. సంచి విప్పగానే వాయువు పోయి పి.హెచ్. లేస్తుంది. అప్పుడు ఆ అమ్మోనియాయే విషమవుతుంది. అందుచేత దూర ప్రయాణము చేసి వచ్చిన సంచిని విప్పి గంటల కొద్ది ఉంచరాదు. విప్పక ముందే సంచిని తొట్టిలో తేల్చి వేడిమి సమానము కానివ్వాలి. విప్పిన తరువాత ఆలస్యము చేయక, చేపలను వలతో తీసి, సిద్ధపరచిన తొట్టిలో విడువాలి. సంచి నీటిని తొట్టిలో పోయరాదు.

ఇట్లు చేయాలంటే తొట్టి నీరు ముందే చేపల పాత నీటికి సమానముగా ఉండాలి. మా తొట్టికి పట్టేది సుమారు నూరు లీటర్లు. పాత నీరు నలుబది లీటర్లు పోసాము. మిగిలిన అరువది లీటర్లకు, మా కొరకు స్నేహితులు ముందు దినమే తోడి ఉంచిన బోరు నీరు ఇరువది లీటర్లు, ఆర్.ఓ. నీరు రెండు క్యానులు. క్షారత కొలిస్తే ఆరు డిగ్రీలే. పి.హెచ్. 7.6. చేపలకు ఊరు మారినదే గాని నీరు మారలేదు. ఆర్.ఓ. నీరు మేము చేపల కొరకు వాడినది ఆ రెండు క్యానులే.

అక్కడ నుండి ప్రతి సోమవారము ఇరువది లీటర్లు తీసి, నిలువ ఉంచిన బోరు నీరు ఇరువది లీటర్లు పోయుట మొదలుపెట్టాము. ఆదివారము మాకు ఊపిరి సలుపదు గనుక సోమవారము పెట్టుకొన్నాము. మొదటి వారము క్షారత ఆరు నుండి ఎనిమిదిన్నరకు దగ్గరగా వచ్చింది. రెండవ వారము పది దాటింది. మూడవ వారము పన్నెండు. వారము వారము మార్పు చిన్నదవుతూ, పదవ వారమునకు పదునేడుకు చేరువైనది. పి.హెచ్. 7.6 నుండి 8.2కి అంత నెమ్మదిగా నడిచి వచ్చింది. మొదటి వారములో రెండు గప్పీలు చనిపోయినవి. మిగిలిన పన్నెండు చేపలు నిలిచినవి. ఆగస్టులో మోలీలు పిల్లలు పెట్టినవి.

ఈ నెంబరులన్నియు మా అమ్మాయి ఒక నోటుపుస్తకములో వ్రాసేది. తేదీ, పి.హెచ్., క్షారత, ఎన్ని చేపలు. కొత్త బడిలో ఆమె మొదటి రెండు వారములు ఎవరితోను కలువలేదని పంతులమ్మగారు మాకు చెప్పారు. తరువాత ఒక దినము ఆ నోటుపుస్తకము తోటి పిల్లల కంటబడినది. "మా ఇంటి నీళ్ళు కూడ చూస్తావా?" అని ఒకరు, "మా పొలము బోరు చూస్తావా?" అని ఒకరు సీసాలు పట్టుకొని మా ఇంటికి రాసాగారు. సాయంకాలము వరండాలో వరుసగా సీసాలు, ఒక్కొక్క దానిపై ఒక్కొక్క పేరు. పరీక్ష మందు రెండు నెలలలో అయిపోయినది. మరల తెప్పించాము. ఆ ఖర్చు మాకు బరువు కాలేదు. రాజమండ్రి స్నేహితురాలికి ఫోను చేసి నియాన్ టెట్రాల క్షేమము అడుగుట మాత్రము ఆమె మానలేదు.

నీటిని గూర్చి మాకు మరికొంత నేర్పినవారు మా బావమరిది. ఆయనకు కైకలూరు దగ్గర చేపల చెరువులున్నవి. మా తొట్టి చూచుటకు వచ్చి, మొదట అడిగిన ప్రశ్న, "బావగారూ, మీరు ఏ వేళ కొలుస్తున్నారు?" చెరువుల వారు పి.హెచ్.ను ఉదయము ఒకసారి, సాయంకాలము ఒకసారి చూస్తారు. పగలు ఎండలో నాచు, మొక్కలు నీటిలోని బొగ్గుపులుసు వాయువును తీసికొంటాయి గనుక సాయంకాలమునకు పి.హెచ్. పెరుగుతుంది. రాత్రి మొక్కలు, చేపలు అన్నియు ఆ వాయువును విడుస్తాయి గనుక తెల్లవారునప్పటికి తగ్గుతుంది. "ఒక్క నెంబరు చూచి కంగారు పడకండి. పొద్దుటికి, సాయంత్రానికి తేడా ఎంత ఉందో చూడండి. తేడా ఎక్కువైతే చెరువులో సున్నము వేస్తాము, నీరు గట్టిపడి నిలబడుతుంది" అన్నారు. ఎకరాల చెరువుకైనను, మూడడుగుల తొట్టికైనను సూత్రము ఒకటే. అప్పటి నుండి మేము ప్రతిసారి ఒకే వేళకు కొలుస్తున్నాము.

క్షారత లేని నీరు ఎంత ప్రమాదమో హైదరాబాదులో మా బంధువుల ఇంట చూచాము. పిల్లలు త్రాగేది ఆర్.ఓ. నీరు గదా, చేపలకును అదే మంచిదని ప్రేమతో రెండు సంవత్సరములు అదే పోసారు. ఆర్.ఓ. యంత్రము లవణములతో పాటు బైకార్బొనేట్లను గూడ తీసివేస్తుంది. దాచుకొన్న సొమ్ము లేని ఇల్లు అయినది ఆ తొట్టి. చేపలు రెక్కలు ముడుచుకొని మూలకు చేరినవని ఫోను చేసారు. మేము వెళ్ళి చూస్తే పరీక్ష మందు తన చివరి రంగైన పసుపు చూపినది, అనగా 6 లేక అంతకంటె తక్కువ. నీరు అంత ఆమ్లమైనప్పుడు మేలు చేసే సూక్ష్మజీవుల పని కూడ మందగిస్తుంది. అమ్మోనియా పరీక్ష చేస్తే అది పేరుకొని ఉన్నది.

వారు అప్పటికే చెంచాలో వంటసోడా పట్టుకొని ఉన్నారు. చదువరులు ఈ భాగమును జాగ్రత్తగా గమనించవలెనని మా మనవి. వంటసోడా క్షారతను పెంచుతుందన్నది నిజమే. నూరు లీటర్ల నీటిలో 5 గ్రాములు వేస్తే లీటరుకు సుమారు 30 మిల్లీగ్రాముల క్షారత పెరుగుతుంది. కాని అమ్మోనియా నిండిన తొట్టిలో పి.హెచ్.ను ఒక్కసారిగా లేపితే ఏమగునో చూడండి. 25 డిగ్రీల వేడిమి గల నీటిలో, పి.హెచ్. 7 వద్ద అమ్మోనియాలో వెయ్యి పాళ్ళకు సుమారు 6 పాళ్ళే విష రూపములో ఉంటాయి. 8 వద్ద 50 దాటుతాయి. 9 వద్ద సుమారు 360! అంత వరకు నిద్రించిన విషమును మనమే లేపినవారమవుతాము. చేపలను రక్షించుటకు వేసిన చెంచాయే వాటిని చంపుతుంది.

అందుచేత సోడాను ప్రక్కన పెట్టించాము. వారిది అరువది లీటర్ల తొట్టి. దినమునకు ఆరు లీటర్లు తీసి, ఒక దినము నిలువ ఉంచిన కుళాయి నీరు ఆరు లీటర్లు పోయుమని, మేత సగమునకు తగ్గించుమని చెప్పాము. పది దినములలో సుమారు మూడింట రెండు వంతుల నీరు మారినది. అమ్మోనియా తగ్గుతూ వచ్చింది, క్షారత పెరుగుతూ వచ్చింది, పి.హెచ్. 7.4కి చేరింది. ఒక్క చేప కూడ పోలేదు. నేటికిని వారు కుళాయి నీటినే వాడుతున్నారు.

మా వలె 8.2 నీరు గలవారు దీని నుండి గ్రహించవలసినది ఒకటున్నది. మన నీరు జారిపోదు, అది మన మేలు. కాని మన తొట్టిలో కొద్దిపాటి అమ్మోనియా కూడ ఎక్కువ హాని చేస్తుంది. గనుక చేపలు తక్కువగా ఉండాలి, మేత తక్కువగా వేయాలి, ఫిల్టరు ఆగకూడదు. కరెంటు పోయే ఊళ్ళలో బ్యాటరీ మీద నడిచే చిన్న గాలి మోటారు ఒకటి ఉంచుకొనుట అవసరము.

తొట్టిలో అలంకారమునకు వేసే వస్తువులు కూడ నీటిని మారుస్తాయి. సముద్రపు గవ్వలు, పగడపు ముక్కలు, తెల్లని పాలరాతి ముక్కలు నెమ్మదిగా కరిగి క్షారతను, కాఠిన్యతను పెంచుతాయి. మన వంటిండ్లలో పరచే కడప బండ కూడ సున్నపురాయి జాతిదే. దానిపై నిమ్మరసము పడితే మచ్చ మిగులుతుందని మన స్త్రీలకు తెలుసు. తొట్టిలో పెట్టదలచిన రాతిపై నాలుగు చుక్కలు నిమ్మరసము గాని వినెగరు గాని వేసి చూడండి. నురుగు వస్తే అది నీటిని గట్టిపరచే రాయి. మెత్తని నీరు గలవారికి అది సహాయము, గట్టి నీరు గలవారికి అనవసరము.

ఇక నీటిని కొంచెము మెత్తపరచదలచిన వారు కొందరు ఎండిన బాదము ఆకులు వేస్తారు. మన వీధులలో నీడనిచ్చే వెడల్పాటి ఆకుల బాదము చెట్టుదే. అవి నీటికి తేనీటి రంగు తెచ్చి, మెత్తని నీటిలో పి.హెచ్.ను కొద్దిగా తగ్గిస్తాయి. పదునెనిమిది డిగ్రీల నీటిలో మాత్రము వాటి వలన రంగే గాని మార్పు రాదు. మేము వేసి చూచాము. నిమ్మరసము, చింతపండు రసము తొట్టిలో పిండరాదు. ఆ పూటకు నెంబరు తగ్గినట్లు కనబడుతుంది గాని, క్షారత మిగిలి ఉన్నంత వరకు మరల పైకి వస్తుంది. మరల పిండుతారు, మరల లేస్తుంది. చేపకు ఆ ఊగిసలాటయే ప్రాణాంతకము. సీసాలలో అమ్మే పి.హెచ్. తగ్గించే మందులతోను ఇదే చిక్కు.

కాబట్టి ప్రియ చదువరులారా, చేపలు కొనక ముందే మీ ఇంటి నీటిని ఒక దినము నిలువ ఉంచి కొలవండి. పి.హెచ్.తో పాటు క్షారతను గూడ చూడండి. ఆ నీటికి తగిన చేపలనే తెచ్చుకొనండి. గట్టి నీరైతే గప్పీలు, మోలీలు ఉన్నవి. అవి అందమునకు ఎవరికిని తీసిపోవు. దుకాణము వారిని, "ఈ చేపలు ఏ నీటిలో ఉన్నవి?" అని అడిగి, వీలైతే ఆ నీటిని గూడ కొలిపించండి. చేపలన్నియు బాగుండి, తిరుగుతూ తింటూ ఉంటే, నెంబరు పుస్తకములో చెప్పినట్లు లేదని దానిని సరిదిద్దబోకండి. ఇంటిలో పిల్లలుంటే నోటుపుస్తకము వారి చేతికే ఇవ్వండి. పెద్దల కంటె వారు దానిని నమ్మకముగా వ్రాస్తారు.

నీరు మార్చక తప్పని దినము మా వలె మీకును రావచ్చును. అప్పుడు మార్చండి. అయితే పాత నీరు కొంత వెంట తీసికొని వెళ్ళండి, కొత్త నీటిని వారమునకు ఒక బక్కెట్టు చొప్పున పోయండి.